శంషాబాద్ మబ్బు, త్రిపురారం వడ్లు

పేపర్లో వాతావరణం మూల చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. "అక్కడక్కడా ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం" అని రాస్తారు. అక్కడక్కడా అంటే ఎక్కడయ్యా? మా అక్క వడ్లు ఆరబోసుకున్న త్రిపురారంలోనా, నేను బట్టలు ఆరేసుకున్న కోదాడలోనా? నేను సోషల్ టీచర్ని. పిల్లలెవరైనా పరీక్షలో "మన దేశంలో వరి అక్కడక్కడా పండును" అని రాస్తే సున్నా వేస్తాను. పెద్దవాళ్లు రాస్తే మాత్రం అది వార్త అవుతుంది.

ఒకరోజు పొద్దున మెట్ల మీద నిలబడి, పేపరు చేత్తో పట్టుకుని ఈ మాటే గట్టిగా అన్నాను. నా గొంతు అసలే క్లాసురూము గొంతు. కింది పోర్షన్లో ఉండే సారు బయటికి వచ్చారు. కోదాడ ఆయన సొంతూరు. విమానాశ్రయాల్లో వాతావరణం చూసి రాసే ఉద్యోగం జీవితమంతా చేసి, రిటైరయ్యాక వచ్చి మా కింద అద్దెకు దిగారు. అప్పటిదాకా మా మధ్య నీళ్ల మోటారు గురించి తప్ప వేరే మాట లేదు.

"అలా రాస్తే పైలట్లు ఊరుకోరమ్మా," అన్నారు. "విమానాశ్రయానికి రాసేటప్పుడు ఏ గంట నుంచి ఏ గంట వరకు, గాలి ఏ దిక్కు నుంచి, మబ్బు ఎంత ఎత్తున, అన్నీ రాయాలి. తప్పయితే సాయంత్రానికల్లా తప్పని తేలిపోతుంది. అవి ఎవరైనా చదువుకోవచ్చు. కావాలంటే రేపొద్దున రండి, చూపిస్తాను."

వెళ్లాను. ఆయన పాత శుభలేఖల వెనక ఖాళీ వైపు పెన్సిల్‌తో రాసుకునేవారు. ఎవరివో పెళ్లిళ్లు ముందు వైపు, వెనక వైపు శంషాబాద్, గన్నవరం ఆకాశాలు. ఆ రెండు విమానాశ్రయాలూ మాకు ఇరుగుపొరుగు. మా కోదాడ ఆ రెండింటికీ నడుమ హైవే మీద కూర్చుని ఉంటుంది.

మొదట అర్థం కాలేదు. అంకెలు, అక్షరాలు, గీతలు, మళ్లీ అంకెలు. ఆయన ఓపిగ్గా చెప్పారు. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి రిపోర్టు: ఇప్పుడు ఆకాశం ఎలా ఉందో కళ్లతో చూసి, యంత్రాలతో కొలిచి, అరగంటకోసారి రాసేది. రెండోది ఫోర్‌కాస్ట్: ఇకముందు ఎలా ఉంటుందో రాసేది. "మొదటిది సాక్ష్యం చెప్పడం, రెండోది మాట ఇవ్వడం," అన్నారు. ఆకాశాన్ని ఎనిమిది భాగాలనుకుని ఎన్ని భాగాలు మబ్బు కమ్మిందో రాస్తారట. మబ్బుల్లో ఎన్ని రకాలున్నా, నిలువునా ఎదిగే మబ్బుకూ ఉరుముల మబ్బుకూ తప్ప పేరు పెట్టి రాయరట. ఉరుముల మబ్బుకు గుర్తు సీ, బీ అనే రెండు అక్షరాలు. "ఆ రెండూ కనబడితే మిగతాది తర్వాత చదవచ్చు, ముందు అక్కడే ఆగండి," అన్నారు.

గీతకు అటొకటి ఇటొకటి రెండు అంకెలుంటాయి. ఒకటి వేడి. రెండోది, గాలి ఎంత చల్లబడితే తేమ నీళ్లుగా దిగుతుందో ఆ లెక్క. రెండూ దగ్గరపడ్డాయంటే పొగమంచు దిగే వీలుందని అర్థం. చలికాలంలో ఒక పొద్దున ఆయన మెట్ల దగ్గర నన్ను ఆపారు. "రెండంకెలూ ఒకటైపోయాయి, గంట ఆగి వెళ్లండి," అన్నారు. హెడ్‌మాస్టరుకు ఏం చెప్పాలని విసుక్కుంటూనే ఆగాను. గంట తర్వాత స్కూటీ తీసి హైవే ఎక్కితే, విడిపోతున్న మంచులో రెండు లారీలు డివైడర్ మీదికెక్కి నిలబడి ఉన్నాయి. ఆ రోజు నుంచి నేను ఆయన దగ్గర నోరు మెదపకుండా కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. నన్నెరిగిన వాళ్లెవరూ ఈ మాట నమ్మరు.

ఎండాకాలం యాసంగి పంట కోతలు మొదలైన దగ్గర నుంచి ఆయన చెప్పింది నేను అక్కకు ఫోన్లో చెప్పేదాన్ని. అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది. త్రిపురారం దగ్గర కాలువ కింద మూడెకరాలు చేస్తుంది. బావ లారీ మీద తిరుగుతాడు కాబట్టి నాట్ల నుంచి వడ్లు కొనుగోలు సెంటర్‌కు చేర్చేదాకా అంతా అక్కదే. కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. సెంటర్‌లో తేమ చూసే మిషన్ ఒప్పుకునేదాకా కల్లంలో ఎండబోయాలి. ఆ నాలుగైదు రోజులూ అక్కకు అన్నం దిగదు. పరిచిన వడ్లు కుప్పకు లాగి పరదాలు కప్పడానికి గంటన్నర పడుతుంది. మబ్బు కంటికి కనబడ్డాక పరుగెత్తితే సగం తడవాల్సిందే.

మొదటిసారి చెప్పినప్పుడు అక్క నవ్వింది.

"వాన రాకడ, పాణం పోకడ ఎవలకెర్కనే? మీ సారుకెట్ల తెలుస్తది?"

కానీ రెండుసార్లు చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఇక అక్క ఆగలేదు. కల్లంలో ఉన్న పదిమందికీ "మా చెల్లె టీచరు, విమానాల వాన సదువుతది" అని చాటింది. పక్క కుప్ప తండా నుంచి వచ్చి ఎకరం కౌలుకు చేసుకునే ఆమెది. ఆమె కూడా పొద్దున్నే అక్కను "టీచరమ్మ ఏమన్నది?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ మాట ఫోన్లో విని నేను ఎంత మురిసిపోయానో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సారు మాత్రం ప్రతిసారీ ఒక హెచ్చరిక కలిపేవారు. "ఇది శంషాబాద్ ఆకాశమమ్మా. విమానాశ్రయం చుట్టూ నాలుగైదు మైళ్ల దాకే వాళ్ల పూచీ. కాకపోతే ఎండాకాలం ఉరుముల మబ్బు ఎక్కువగా అటు నుంచే మన వైపు వస్తుంది. వస్తే త్రిపురారానికి మూడు గంటలు పడుతుంది. దారిలోనే చచ్చిపోయేవీ ఉంటాయి." నేను అక్కకు మూడు గంటల సంగతి చెప్పేదాన్ని. చచ్చిపోయేవాటి సంగతి చెప్పడం మెల్లగా మానేశాను.

ఇంతలో సారు కంటి ఆపరేషన్ కోసం సూర్యాపేట వెళ్లారు. పోతూ పోతూ నా ఫోన్లో ఎక్కడ చూడాలో చూపించి, "మీకు అన్నీ వచ్చేశాయి, మీరే చదవండి" అన్నారు. గురువు ఆ మాట అన్నాక ఆగేదెవరు?

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఫోన్ తీసి శంషాబాద్ ఫోర్‌కాస్ట్ చదివాను. ఎవరి సాయం లేకుండా చదవడం అదే మొదలు. ఉరుములు, వాన, సీ బీ. అక్షరాలన్నీ పాత స్నేహితుల్లా కనబడ్డాయి. ఎప్పుడు? మొదటి రెండంకెలు తారీఖు, తర్వాతి రెండు గంట. తొమ్మిది నుంచి పన్నెండు. శంషాబాద్‌లో తొమ్మిదికి మొదలైతే, మూడు గంటలు కలిపితే, త్రిపురారానికి పన్నెండు నుంచి మూడు. ఎక్కడా అనుమానం రాలేదు. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఇయ్యాల వడ్లు పరవకు. పన్నెండు తర్వాత వాన. మూడు దాటినంక చూసుకో."

"ఖాయమేనా?"

"ఖాయం."

ఆ మాట అంత తేలిగ్గా అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. కోదాడలో ఎండ మాడ్చేస్తోంది. ఒంటిగంటకు అక్క ఫోన్ చేసి "ఎండ దంచుతున్నదే" అంది. "ఆగు" అన్నాను. రెండింటికి మళ్లీ చేసింది. పరదాల కింద వడ్లు ఉడుకుతున్నాయంది. కల్లంలో ఒక్కరు కూడా పరవలేదంది, నా మాట మీద. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "మూడు దాటినంక పరుసుకోమన్న గద!" అని కసిరాను. అక్క ఫోన్ పెట్టేసింది. మూడు దాటింది. ఆకాశంలో పిట్ట కూడా లేదు. కల్లమంతా పరదాలు లాగేసి వడ్లు పరిచారని తర్వాత తెలిసింది.

నాలుగు కావడానికి ఇరవై నిమిషాలు తక్కువ. ఎక్కడ తప్పు జరిగిందో చూద్దామని ఫోన్ తీశాను. ఈసారి ఫోర్‌కాస్ట్ కాదు, రిపోర్టు. అందులో టైము పది గంటలని ఉంది. పొద్దుటిదేమో అనుకుని మళ్లీ తెరిచాను. మళ్లీ పదే. అరగంటకోసారి రాసే రిపోర్టు పది గంటల దగ్గర ఎందుకు ఆగిపోయిందని విసుక్కుంటూ చూస్తే, ఆ పది పక్కన జెడ్ అనే అక్షరం. సారు శుభలేఖల వెనక ఆ అక్షరం ఎప్పుడూ చూడలేదు. ఆయన రాసేవన్నీ మన టైములే.

అప్పుడు తట్టింది: అక్కడ పది, ఇక్కడ మూడున్నర దాటింది, తేడా ఐదున్నర గంటలు. ప్రపంచంలో ఏ విమానాశ్రయమైనా రాసేది గ్రీనిచ్ టైములో, ఆ జెడ్ దాని గుర్తు. మనం వాళ్లకంటే ఐదున్నర గంటలు ముందు. ఈ పాఠం నేను ఏటా చెప్తాను. బోర్డు మీద గుండ్రం గీసి, నిలువు గీతలు గీసి, "లండన్‌లో పొద్దున తొమ్మిదైతే మన దగ్గర ఎంత?" అని అడిగి, చెప్పలేని పిల్లల్ని నిలబెడతాను. శంషాబాద్‌లో వాన తొమ్మిదింటికి కాదు, మధ్యాహ్నం రెండున్నర తర్వాత. త్రిపురారానికి సాయంత్రం. అంటే మంచి ఎండంతా పరదాల కింద పెట్టించి, వాన వచ్చే వేళకు వడ్లు పరిపించాను. పగవాళ్లు కూడా ఇంత చక్కగా చెయ్యలేరు.

అక్కకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది. సూర్యాపేటకు, సారుకు చేశాను. మంచం మీద ఉన్నానని, కంటికి కట్టు ఉందని చెప్పారు. ఏం చేశానో చెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు.

"శంషాబాద్ రిపోర్టు చదవండమ్మా. ఒక్కొక్క అక్షరం చదవండి. తొందర లేదు."

తొందర ఉందని ఇద్దరికీ తెలుసు. ఎక్కాలు అప్పజెప్పే పిల్లలా చదివాను. ఉరుములు మొదలయ్యాయి. గాలి తిరిగింది, వాయవ్యం నుంచి గట్టిగా వీస్తోంది. వేడి ఒక్కసారిగా పడిపోయింది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారో, కట్టు కింద తెరిచే ఉన్నారో.

"వస్తోంది. ఇది దారిలో చచ్చే రకంలా లేదు. గాలి ఇంత జోరుగా ఉంటే మూడు గంటలు పట్టదు, రెండు గంటలు ఉందనుకుంటున్నాను. గంటన్నరే ఉందని చెప్పండి."

ఈసారి తండా ఆమెకు చేశాను, అక్క ఒకసారి ఆమె ఫోన్ నుంచి చేసినప్పటి నంబరు నా దగ్గరుంది. ఆమె ఫోన్ నడుము సంచిలో పెట్టుకుంటుంది, మోగగానే ఎత్తింది. అక్క చెవి దగ్గర పెట్టమన్నాను.

"అక్కా, వడ్లు కుప్ప చెయ్యి. వానొస్తది. గంటన్నరే ఉంది."

అటు నుంచి పార చప్పుడు ఆగింది.

"ఏందే నువ్వు? పొద్దుగాల గట్లనే అంటివి. ఎండనంత పరదాల కింద పెట్టుకొని కూసున్నం. ఇగో ఇప్పుడే పరిసినం. మళ్ల తియ్యాల్నా?"

"తప్పు నాదే అక్కా. టైము తప్పు చదివిన. ఇప్పటి లెక్క నాది కాదు, సారుది. అడిగి చెప్తున్న."

అక్క నన్ను నమ్మకపోతే ఆ పదిమంది కుప్పలూ పోతాయి. నమ్మడానికి నేను ఆమెకు పొద్దుటి నుంచి ఇచ్చిన కారణం ఒక్కటీ లేదు. ఎదురుగా నీలంగా ఉన్న ఆకాశం కూడా ఆమె వైపే సాక్ష్యం చెబుతోంది.

"ఏడుస్తున్నవా?" అని అడిగింది అక్క.

"లేదు."

"ఏడువకు. తీస్తం."

ఫోన్ తండా ఆమెకు ఇచ్చేసింది. కల్లం పక్కనే చర్చి ఉంది. అక్క అటు పరుగెత్తి మైకులో చెప్పించిందట, అందరూ వడ్లు కుప్పలు చెయ్యాలని, టీచరమ్మ పొద్దుటి మాట తప్పని, ఈ మాట నిజమని. కొందరు బండబూతులు తిట్టారట. తిట్టుకుంటూనే పారలు పట్టుకున్నారు. ఆరింటికి పావుగంట తక్కువప్పుడు గాలి లేచింది. ఐదు నిమిషాల్లో వాన.

ఆరున్నరకు అక్క చేసింది. వెనక రేకుల మీద వాన చప్పుడు హోరుగా వినబడుతోంది.

"అందరియి కప్పినమే. ఒక్కలియి తడవలేదు. నువ్వు ఇగ పరేషాన్ గాకు."

సోఫాలో కూలబడి, ఎవరూ చూడటం లేదు కదా అని గట్టిగా ఏడ్చాను.

సారు నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చారు. నేను క్షమాపణ చెప్పుకోబోతే ఆయనే ముందు చెప్పారు. "ఉద్యోగమంతా ఆ గంటల్లోనే బతికాను. మన టైములోకి మార్చుకోవడం నాకు ఊపిరి లాంటిది. మీకు చెప్పాలని తట్టలేదమ్మా. తప్పు నాది." ఏటా పిల్లలకు అదే పాఠం చెప్పే టీచర్ని నేనైతే, తప్పు ఆయనదట! కాసేపు తప్పు నాదంటే నాదని ఇద్దరం పోట్లాడుకున్నాం. అంత మర్యాదైన పోట్లాట నేను ఎవరితోనూ పోట్లాడలేదు. చివరికి ఆయన ఒక శుభలేఖ తీసి, వెనక పెద్ద అక్షరాలతో "ఐదున్నర కలుపు" అని రాసిచ్చారు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించాను.

ఆయనకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. చదవడం నేర్పినందుకు మాత్రమే కాదు. అంత పెద్ద తప్పు చేసి ఫోన్ చేస్తే, ఎందుకు చేశావని అడగకుండా, చదవమన్నందుకు. నేను క్లాసులో పిల్లల్ని నిలబెట్టడం ఆ ఏడాదితో మానేశాను.

బడులు తెరిచేముందు త్రిపురారం వెళ్లాను. మిర్యాలగూడలో దిగి హాలియా బస్సెక్కి, మధ్యాహ్నం భోజనం వేళకు చేరాను. అక్క నాకు పీట వేసి, చిన్న గిన్నెలోంచి అన్నం పెట్టింది. తెల్లగా, పొడిపొడిగా ఉంది. పొయ్యి మీద ఇంకో పెద్ద గిన్నె ఉంది. తను అందులోంచి పెట్టుకుంది. ఆ అన్నం రంగు వేరుగా ఉంది, కొంచెం పసుపు తిరిగి, ముక్కిన వాసన వేస్తోంది.

"అదేం బియ్యం?"

"ఏదో ఒకటి, తిను."

గడపలో తండా ఆమె కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె తలెత్తింది.

"నీకు చెప్పలేదా టీచరమ్మా? ఆ దినం వానకు తడిసినయి. రంగు మారినయని సెంటర్ల తీసుకోలేదు. మర పట్టించి ఇంట్లకే వండుతున్నది."

"అందరివి కప్పినమన్నవ్ గద అక్కా!"

"అందరియి కప్పినం," అంది అక్క. మెతుకులు కలుపుకుంటూ, నా వైపు చూడకుండా.

తండా ఆమె వదల్లేదు. "మా పరద చినిగి ఉండె. అక్క ఆమె పరదాలు రెండు తెచ్చి మా కుప్ప మీద ఏసింది. మావన్ని అయినంక ఆమె కుప్ప కాడికి పోయింది. అప్పటికే వాన."

అక్కను తిట్టాలనిపించింది. నాకు బాధ కలిగితే ముందు వచ్చేది తిట్టే.

"నీ వడ్లు వదిలి ఊళ్లోవాళ్లవి కప్పుడేంది?"

"మరి? నా చెల్లె చెప్పిందని నేను చెప్తేనే గద వాళ్లు పొద్దంత పరదాలు కప్పుకొని, ఆఖరుకు పరిసింది? వాళ్లవి తడిస్తే నీ పేరేమైతది? నావి తడిస్తే ఇంట్ల తింటం."

అంతే చెప్పింది. చెప్పి, నా పళ్లెంలో పప్పు వేసింది.

నా తప్పును ఆమె ఇన్నాళ్లూ పూటకింత తింటూ, నాతో ఒక్క మాట అనలేదు. బావను కూడా అననివ్వలేదు. నేను వస్తున్నానని తెలిసి దుకాణం నుంచి మంచి బియ్యం తెప్పించి విడిగా వండింది. కృతజ్ఞత అనే మాట నేను ఎన్నో సభల్లో అలవోకగా అన్నాను. దాని అర్థం ఆ పీట మీద తెలిసింది.

"ఆ గిన్నెలది పెట్టు," అన్నాను.

"వాసనొస్తదే."

"రానీ."

పెట్టింది. వాసన వచ్చిన మాట నిజమే. పప్పు కలుపుకుని తిన్నాను, మళ్లీ అడిగి పెట్టించుకున్నాను. తండా ఆమె చూసి నవ్వింది. అక్క మాత్రం నవ్వకుండా కాసేపు నా పళ్లెం వైపు చూసి, ఎప్పటిలాగే అడిగింది.

"నారు పొయ్యాలె. రేపు ఆకాశం ఎట్లుంటదో చదివి చెప్పు."

ఇంత జరిగాక కూడా అడుగుతోంది, నన్నే. కుడిచేయి ఎంగిలి కాబట్టి ఎడమ చేత్తో ఫోన్ తీశాను. కళ్లు మసకబారి అంకెలు కనబడలేదు. అక్క కొంగు అందుకుని తుడుచుకుని, మొదటి నుంచి మెల్లగా చదివాను.